రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 – 1932 సెప్టెంబరు 16) బ్రిటిషు సైనిక వైద్యుడు, పరాన్నజీవి శాస్త్రవేత్త. మలేరియా జ్వరం దోమల ద్వారా వ్యాపిస్తుందని ప్రయోగపూర్వకంగా నిరూపించినందుకు 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. నోబెల్ బహుమతి అందుకొన్న మొదటి బ్రిటిషు శాస్త్రవేత్త ఇతడే. ఈ గౌరవానికి మూలమైన ముఖ్య పరిశీలన 1897 ఆగస్టులో సికింద్రాబాదులోని బేగంపేటలో జరిగింది. వ్యాధుల వ్యాప్తిని గణిత సమీకరణాల ద్వారా అధ్యయనం చేసే పద్ధతికి పునాది వేసినవారిలో కూడా ఇతడు ముఖ్యుడు. జీవితకాలంలో దోమను గురించిన ఆవిష్కరణ వల్లనే అతనికి కీర్తి లభించినా, అతని గణిత కృషి ప్రభావం తరువాతి తరాలలో అంతకంతకూ విస్తరించింది.

బాల్యం, విద్యాభ్యాసం

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. అప్పటికి మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై మూడు రోజులే అయింది. తండ్రి కాంప్‌బెల్ రాస్ బ్రిటిషు భారత సైన్యంలో అధికారి. తల్లి మటిల్డా. వీరి పది మంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవ ఏట అతనిని చదువుకోసం ఇంగ్లండుకు పంపారు. అక్కడ వైట్ ద్వీపంలో బంధువుల ఇంట పెరిగాడు.

బాల్యం నుండి అతనికి కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం పట్ల మక్కువ ఎక్కువ. రచయిత కావాలని అతని కోరిక. కాని తండ్రి అభీష్టం మేరకు 1874లో లండన్‌లోని సెయింట్ బర్తొలొమ్యూ వైద్య కళాశాలలో చేరాడు. అక్కడ వైద్య గ్రంథాల కంటే సంగీత రచనకు, కవిత్వానికి ఎక్కువ కాలం వెచ్చించాడు. 1879లో శస్త్రవైద్య పరీక్షలో ఉత్తీర్ణుడై, కొంతకాలం అట్లాంటిక్ మహాసముద్రంలో తిరిగే ఓడలో వైద్యునిగా పనిచేశాడు. 1881లో మిగిలిన పరీక్ష పూర్తి చేసి, భారత వైద్య సేవకు ఎంపికై మద్రాసు చేరాడు.

భారత వైద్య సేవలో తొలి సంవత్సరాలు

1881 నుండి 1894 వరకు రాస్ మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులు మొదలైన చోట్ల పనిచేశాడు. సైనిక వైద్యునికి పని భారం అప్పట్లో తక్కువ. తీరిక వేళల్లో నవలలు వ్రాశాడు, గణిత గ్రంథాలను తనంతట తానే అభ్యసించాడు. గురువు లేకుండా నేర్చుకొన్న ఈ గణితం ముప్పై ఏళ్ళ తరువాత అతనికి అక్కరకు వచ్చింది.

1883లో బెంగుళూరులో ఉండగా తన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండటం గమనించాడు. కిటికీ వెలుపలి నీళ్ళ తొట్టిలో దోమల లార్వాలు కనిపించగా, ఆ నీటిని పారబోయించాడు. ఇంట్లో దోమలు తగ్గిపోయాయి. మిగతా తొట్లను కూడా ఖాళీ చేయిద్దామని ఒక సైనికాధికారికి సూచించగా ఆ అధికారి అంగీకరించలేదు. దోమలకు, జ్వరానికి సంబంధముందని అప్పటికి రాస్‌కు కూడా తెలియదు. అయినా నిలువ నీటిని తొలగిస్తే దోమలు తగ్గుతాయన్న అనుభవం అతని మనసులో నిలిచిపోయింది.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందాడు. బాక్టీరియా శాస్త్రంలో శిక్షణ తీసుకొన్నాడు. 1889లో రోజా బెస్సీ బ్లాక్సంను వివాహం చేసుకొన్నాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

అప్పటికి మలేరియా గురించి తెలిసినది

చలిజ్వరం చిత్తడి నేలల నుండి వచ్చే చెడుగాలి వల్ల కలుగుతుందని శతాబ్దాల పాటు నమ్మేవారు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడు గాలి అనే అర్థం. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆల్ఫోన్స్ లావెరాన్ అల్జీరియాలో ఒక రోగి రక్తంలో సజీవమైన పరాన్నజీవిని చూశాడు. ఇటలీ శాస్త్రవేత్తలు ఈ జీవిని గురించి విస్తృతంగా పరిశోధించారు. అయితే ఒక మనిషి రక్తంలోని పరాన్నజీవి మరొక మనిషిని ఏ విధంగా చేరుతోందో ఎవరికీ తెలియదు.

రాస్ మొదట లావెరాన్ పరిశీలనను నమ్మలేదు. తాను పరీక్షించిన రక్తంలో అటువంటి జీవి కనబడలేదని, జ్వరాలకు ప్రేగులలోని విషపదార్థాలే కారణమని 1890ల తొలి సంవత్సరాలలో వ్యాసాలు వ్రాశాడు. ఈ అభిప్రాయం తప్పని అతనికి తెలియజేసినవాడు పాట్రిక్ మాన్సన్.

పాట్రిక్ మాన్సన్ పరిచయం

మాన్సన్ స్కాట్లండుకు చెందిన వైద్యుడు. చైనాలో పనిచేస్తూ 1877లో బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్నాడు. 1894లో రాస్ సెలవుపై లండన్ వచ్చినపుడు, ఏప్రిల్ నెలలో మాన్సన్‌ను కలిశాడు. మాన్సన్ అతనికి సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని చూపి, ఫైలేరియా వలెనే ఇది కూడా దోమలో పెరుగుతూ ఉండవచ్చునన్న తన ఊహను వివరించాడు.

ఆ ఊహలో సగమే సరియైనది. దోమ ఒకసారి మాత్రమే రక్తం త్రాగి నీటిలో చనిపోతుందని, ఆ నీరు త్రాగిన మనిషికి జ్వరం వస్తుందని మాన్సన్ భావించాడు. అసలు మార్గాన్ని రాస్ స్వయంగా వెదకవలసి వచ్చింది. ఈ కాలంలో వీరిద్దరి మధ్య వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. ఇవి ఒక శాస్త్ర పరిశోధన దినదినం ఎలా ముందుకు సాగిందో తెలిపే అపురూప పత్రాలు.

సికింద్రాబాదులో పరిశోధన

1895 ఏప్రిల్‌లో రాస్ సికింద్రాబాదు చేరి, సైనిక ఆసుపత్రిలో జ్వర రోగులపై పరిశోధన ప్రారంభించాడు. అతని పద్ధతి ఇది: లార్వాల నుండి దోమలను పెంచాలి, దోమతెరలో పడుకొన్న మలేరియా రోగిని వాటిచేత కుట్టించాలి, కొన్ని దినాల తరువాత ఒక్కొక్క దోమను కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. కుట్టించుకొన్న ఒక్కో దోమకు రోగికి ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. దోమలను, లార్వాలను పట్టి తెచ్చే పనికి స్థానికులను నియమించుకొన్నాడు.

రెండేళ్ళపాటు ఫలితం రాలేదు. అతను పెంచిన దోమలు క్యూలెక్స్, ఈడిస్ జాతులవి. మనిషికి వచ్చే మలేరియా పరాన్నజీవులు వీటిలో పెరగవు. ఈ సంగతి అప్పటికి లోకానికి తెలియదు. నడుమ 1895లో కలరా నివారణకై అతనిని బెంగుళూరుకు బదిలీ చేయటం వల్ల పని ఆగిపోయింది. తరువాత ఉదకమండలం సమీపంలోని సిగూరు కనుమలో జ్వరాలపై పరిశోధనకు వెళ్ళినపుడు అతనికే మలేరియా సోకింది. ఆ ప్రాంతంలోనే, గోడపై వాలే తీరు తక్కిన వాటికి భిన్నంగా ఉన్న ఒక గోధుమరంగు దోమను గమనించాడు.

1897 వేసవిలో సికింద్రాబాదుకు తిరిగి వచ్చి పని మళ్ళీ మొదలుపెట్టాడు. ఎండ తీవ్రంగా ఉన్నా పంకా వేయటానికి వీలులేదు. గాలికి కోసిన దోమలు ఎగిరిపోయేవి. చేతుల చెమటకు, నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కటకం కూడా పగిలింది. అయినా పని మానలేదు.

ఆగస్టు నెల నడుమ అతని సహాయకులలో ఒకరు తెచ్చిన లార్వాల నుండి రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు వెలువడ్డాయి. ఇవి అనాఫిలస్ జాతివి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వీటిచేత కుట్టించారు. తరువాతి దినాలలో కొన్ని దోమలు చనిపోయాయి, కొన్నింటిని కోసి చూసినా ఏమీ కనబడలేదు. ఆగస్టు 20న, కొద్ది దోమలే మిగిలి ఉండగా, రాస్ ఒక దోమ జీర్ణాశయపు గోడను పరిశీలించాడు. అందులో గుండ్రని కణాలు కనబడ్డాయి. వాటి లోపల నల్లని రంగు రేణువులున్నాయి. రోగి రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో కనిపించే రేణువులు కూడా అటువంటివే. మరుసటి దినం కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. అనగా దోమ శరీరంలో పరాన్నజీవి బ్రతికి, పెరుగుతున్నది.

ఈ రెండు దోమల వివరాలు 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటించటానికి ఇదే కారణం.

కలకత్తాలో పరిశోధన

కీలకమైన ఆధారం దొరికిన కొద్ది వారాలకే సైనిక అధికారులు రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా దాదాపు లేదు. మాన్సన్ లండన్ నుండి ఒత్తిడి తేవటంతో ప్రభుత్వం 1898 ఫిబ్రవరిలో అతనిని ప్రత్యేక విధులపై కలకత్తా ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలోని ప్రయోగశాలకు పంపింది.

అప్పుడు ప్లేగు భయం కారణంగా కలకత్తా ప్రజలు ప్రభుత్వ వైద్యులు సూది గుచ్చుతారంటే జంకేవారు. ప్రయోగాలకు రోగులు దొరకలేదు. అందువల్ల రాస్ పక్షులలో వచ్చే మలేరియా వైపు మళ్ళాడు. పక్షుల మలేరియాను వ్యాపింపజేసేది క్యూలెక్స్ దోమ. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పెంచటంలో, పక్షులను సమకూర్చటంలో అతనికి అండగా నిలిచాడు.

ఇక్కడ రాస్ పరాన్నజీవి జీవిత చక్రంలోని తరువాతి దశలన్నీ వరుసగా చూశాడు. దోమ జీర్ణాశయపు గోడపై పెరిగిన కణాలు పగిలి, వాటి నుండి దారపు పోగుల వంటి సన్నని జీవులు వెలువడతాయి. అవి దోమ శరీరమంతా వ్యాపించి, చివరకు లాలాజల గ్రంథులను చేరతాయి. 1898 జూలైలో ఈ సంగతి స్పష్టమైంది. దోమ కుట్టేటపుడు లాలాజలంతో పాటు పరాన్నజీవి కూడా రక్తంలో ప్రవేశిస్తుంది. దీనితో చెడుగాలి, త్రాగునీరు అనే రెండు సిద్ధాంతాలూ కొట్టుకొనిపోయాయి. అటువంటి దోమలను ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలపై వదలగా వాటిలో అత్యధిక భాగానికి మలేరియా సోకింది. అదే నెలలో ఎడిన్‌బరోలో జరిగిన బ్రిటిషు వైద్య సంఘం సమావేశంలో మాన్సన్ ఈ ఫలితాలను ప్రకటించాడు.

తరువాత కాలాజార్ వ్యాధిని పరిశోధించటానికి రాస్‌ను అస్సాం పంపారు. అది మలేరియాలో ఒక రకమని అతడు తేల్చాడు. ఈ నిర్ణయం తప్పు. 1903లో విలియం లీష్‌మన్, మద్రాసులో చార్లెస్ డొనొవన్ ఆ వ్యాధి కారక జీవిని విడివిడిగా కనుగొన్నపుడు, ఆ జీవికి ఇద్దరి పేర్లనూ కలిపి లీష్మానియా డొనొవాని అని నామకరణం చేసినవాడు రాస్.

ఇటలీ శాస్త్రవేత్తలతో వివాదం

రాస్ కలకత్తాలో నిరూపించినది పక్షుల మలేరియా. మనుషుల మలేరియా పరాన్నజీవి అనాఫిలస్ దోమలో పూర్తిగా ఎదిగి మరొక మనిషికి సోకుతుందని 1898 చివరిలో ఇటలీ శాస్త్రవేత్తలు జొవాన్ని బాటిస్టా గ్రాస్సి, అమికో బిన్యామి, జుసెప్పె బాస్టియనెల్లి నిరూపించారు. గ్రాస్సి జంతుశాస్త్ర పండితుడు కాబట్టి దోమ జాతిని ఖచ్చితంగా గుర్తించగలిగాడు. రాస్ కీటకశాస్త్రం చదివినవాడు కాడు. తాను చూసిన దోమలను రంగును బట్టి, రెక్కల మచ్చలను బట్టి మాత్రమే వర్ణించాడు.

ఆవిష్కరణ ఘనత ఎవరిదన్న విషయంపై ఇరువర్గాల మధ్య తీవ్రమైన వివాదం నడిచింది. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ రాస్‌ను సమర్థించాడు. 1902 నోబెల్ బహుమతి రాస్ ఒక్కనికే లభించింది. లావెరాన్‌కు 1907లో నోబెల్ బహుమతి రాగా, గ్రాస్సికి రాలేదు. దోమలో పరాన్నజీవి మార్గాన్ని మొదట కనుగొన్నది రాస్ అని, మానవ మలేరియా విషయంలో దానిని సంపూర్ణం చేసినది ఇటలీ శాస్త్రవేత్తలని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. రాస్ మాత్రం ఈ కలహాన్ని జీవితాంతం విడిచిపెట్టలేదు. గురుతుల్యుడైన మాన్సన్‌తో కూడా చివరకు అతని మైత్రి చెడింది.

దోమల నివారణకు కృషి

1899లో రాస్ భారతదేశాన్ని విడిచి, నూతనంగా ఏర్పడిన లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకునిగా చేరాడు. తరువాత అక్కడే ఆచార్యుడయ్యాడు. అదే సంవత్సరం పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్ళి, అక్కడ మానవ మలేరియాను అనాఫిలస్ దోమలే వ్యాపింపజేస్తున్నాయని గుర్తించాడు. నీటి గుంటలను పూడ్చటం, నిలువ నీటిపై నూనె చల్లటం, పనికిరాని డబ్బాలు, కుండలు తొలగించటం వంటి పనులకు దోమల దళాలను ఏర్పాటు చేయాలని సూచించాడు. 1902లో సూయజ్ కాలువ సంస్థ ఆహ్వానంపై ఇస్మాయిలియా పట్టణానికి వెళ్ళి ఈ పద్ధతిని సూచించాడు. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ మలేరియా గణనీయంగా తగ్గింది. గ్రీసు, మారిషస్, సైప్రస్ దేశాలలో కూడా సర్వేలు జరిపాడు.

అన్నిచోట్లా విజయం లభించలేదు. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ దండు ప్రాంతంలో 1902 నుండి కొన్నేళ్ళపాటు జరిగిన దోమల నివారణ ప్రయత్నం ఆశించిన ఫలితమివ్వలేదు. ఆ పనిని నడిపిన జేమ్స్, క్రిస్టోఫర్స్ అనే వైద్యులు దోమలను నిర్మూలించటం కష్టసాధ్యమని భావించారు. చాలినంత ధనం, కాలం వెచ్చించకుండా చేసిన ప్రయత్నాన్ని ప్రమాణంగా తీసుకోరాదని రాస్ వాదించాడు. ఈ చర్చ భారతదేశంలో మలేరియా విధానాన్ని చాలాకాలం ప్రభావితం చేసింది.

గణితశాస్త్ర కృషి

దోమలన్నింటినీ చంపటం సాధ్యం కాదు కాబట్టి దోమల నివారణ వ్యర్థమని చాలామంది వైద్యులు వాదించేవారు. ఈ ప్రశ్నకు రాస్ గణితంతో సమాధానం చెప్పాడు. అతని తర్కాన్ని ఇలా వివరించవచ్చు. ఒక రోగి నుండి మరొకరికి మలేరియా సోకాలంటే, ముందుగా ఒక అనాఫిలస్ దోమ ఆ రోగిని కుట్టాలి. పరాన్నజీవి తనలో ఎదిగేవరకు, అనగా సుమారు పది దినాలు లేదా అంతకు మించి ఆ దోమ బ్రతికి ఉండాలి. ఆ తరువాత అది మరొక ఆరోగ్యవంతుని కుట్టాలి. ప్రతి మెట్టులోనూ చాలా దోమలు విఫలమవుతాయి. కాబట్టి ఒక ప్రాంతంలో మనుషుల సంఖ్యతో పోల్చినపుడు దోమల సంఖ్య ఒక హద్దుకు తగ్గితే, కోలుకొనే రోగుల కంటే క్రొత్త రోగుల సంఖ్య తక్కువవుతుంది. అప్పుడు వ్యాధి దానంతట అదే అంతరిస్తుంది. మలేరియాను తొలగించటానికి చివరి దోమ వరకు చంపనవసరం లేదు.

1908 నాటి మారిషస్ నివేదికలో, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలో రాస్ ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, 1911 నాటి రెండవ ముద్రణలో విస్తరించాడు. 1916, 1917 సంవత్సరాలలో గణితవేత్త హిల్డా హడ్సన్‌తో కలిసి దీనిని అన్ని అంటువ్యాధులకూ వర్తించే సాధారణ సిద్ధాంతంగా అభివృద్ధి చేశాడు.

పుట్టిన చోటు నుండి దోమ ఎంత దూరం పోగలదన్న సమస్యను కూడా అతడు లేవనెత్తాడు. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1905లో ఈ సమస్యనే సాధారణ రూపంలో పాఠకుల ముందుంచాడు. నేడు భౌతికశాస్త్రంలో, గణాంకశాస్త్రంలో ప్రసిద్ధమైన యాదృచ్ఛిక గమనం అన్న భావనకు ఆ పేరు అప్పుడే వచ్చింది.

సాహిత్యం

రాస్ జీవితాంతం సాహిత్యాన్ని విడువలేదు. ద చైల్డ్ ఆఫ్ ఓషన్ (1889), ద రెవెల్స్ ఆఫ్ ఒర్సెరా (1920) అతని నవలలలో చెప్పుకోదగినవి. అనేక కవితలు వ్రాశాడు. సికింద్రాబాదులో పరాన్నజీవిని కనుగొన్న సందర్భంలో కూడా ఒక కవిత వ్రాశాడు. 1923లో అతని ఆత్మకథ వెలువడింది. మలేరియా పరిశోధన చరిత్రకు అది ముఖ్యమైన ఆధార గ్రంథం. అయితే దానిలో వివాదాలను గురించి వ్రాసిన భాగాలను రాస్ పక్షపు వాదనగానే చదవవలసి ఉంటుంది.

చివరి దశ

1901లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1911లో సర్ బిరుదు రాస్‌కు లభించాయి. 1912లో లివర్‌పూల్ విడిచి లండన్ చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం తొలి నెలలోనే, 1914 ఆగస్టులో, అతని పెద్ద కుమారుడు ఫ్రాన్సులో యుద్ధరంగంలో మరణించాడు. యుద్ధకాలంలో రాస్ సైన్యానికి మలేరియా విషయంలో సలహాదారుగా పనిచేశాడు.

తన ఆవిష్కరణకు తగిన ఆర్థిక ప్రతిఫలం దక్కలేదన్న అసంతృప్తి అతనిని వెన్నాడింది. పూర్వం మశూచి టీకా కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్‌కు బ్రిటిషు పార్లమెంటు ధనమిచ్చినట్లు తనకు కూడా ఇవ్వాలని కోరినా ఫలితం లేకపోయింది. 1928లో తన పరిశోధన పత్రాలను అమ్మకానికి పెట్టగా, లేడీ హూస్టన్ 2000 పౌండ్లకు వాటిని కొన్నది.

1926లో అతని గౌరవార్థం లండన్‌లో రాస్ సంస్థ, ఉష్ణమండల వ్యాధుల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మరణించేవరకు దానికి రాస్ అధిపతిగా ఉన్నాడు. 1931లో భార్య మరణించింది. 1932 సెప్టెంబరు 16న దీర్ఘకాల అస్వస్థత తరువాత రాస్ మరణించాడు. 1934లో రాస్ సంస్థ లండన్ ఆరోగ్య, ఉష్ణమండల వైద్య పాఠశాలలో విలీనమైంది.

శాస్త్ర ప్రపంచంపై ప్రభావం

1901లో రాస్‌తో కలిసి సియెర్రా లియోన్ యాత్రకు వెళ్ళిన యువ వైద్యుడు ఆండర్సన్ మెకెండ్రిక్ తరువాత భారత వైద్య సేవలో చేరాడు. రాస్ ప్రభావంతో గణితం వైపు ఆకర్షితుడై, 1927లో విలియం కెర్మాక్‌తో కలిసి అంటువ్యాధుల గణిత సిద్ధాంతాన్ని ప్రచురించాడు. రాస్ సంస్థలో పనిచేసిన జార్జి మక్‌డొనాల్డ్ 1950లలో రాస్ సమీకరణాలను సవరించి, దోమల సంఖ్య కంటే వాటి ఆయుర్దాయాన్ని తగ్గించటం ఎక్కువ ఫలితమిస్తుందని చూపాడు. ఇళ్ళ గోడలపై డీడీటీ చల్లే కార్యక్రమానికి ఇది సైద్ధాంతిక బలాన్నిచ్చింది. ఈ పద్ధతిని రాస్–మక్‌డొనాల్డ్ నమూనా అంటారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయ్యాయి. 1960ల నడుమకు రోగుల సంఖ్య లక్ష ప్రాంతానికి దిగింది. తరువాత శ్రద్ధ సడలటం వల్ల, దోమలు మందులకు లొంగకపోవటం వల్ల 1976లో రోగుల సంఖ్య మళ్ళీ 64 లక్షలకు పెరిగింది. దోమల సంఖ్య హద్దు దాటితే వ్యాధి తిరిగి వస్తుందన్న రాస్ సిద్ధాంతానికి ఇది విషాదకరమైన నిదర్శనం.

2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఒక రోగి నుండి సగటున ఎందరికి వ్యాధి సోకుతుందన్న లెక్క సామాన్యుల చర్చల్లోకి వచ్చింది. ఆ సంఖ్య ఒకటి కంటే తగ్గితే వ్యాధి తగ్గుముఖం పడుతుందన్న సూత్రానికి మూలాలు రాస్ మలేరియా లెక్కలలో ఉన్నాయి. మలేరియా మాత్రం ఇంకా అంతరించలేదు. 2023లో ప్రపంచంలో దాదాపు 6 లక్షల మంది ఈ జ్వరంతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని చిన్నపిల్లలు.

స్మారకాలు

బేగంపేటలో పాత విమానాశ్రయం సమీపాన రాస్ పరిశోధన జరిపిన భవనం అతని స్మారకంగా నిలిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పరాన్నజీవి శాస్త్ర సంస్థకు అతని పేరు పెట్టారు. హైదరాబాదు నల్లకుంటలో కోరంటి దవాఖానగా ప్రజలు పిలిచే జ్వరాల ఆసుపత్రికి కూడా సర్ రోనాల్డ్ రాస్ పేరే ఉంది. కలకత్తాలో అతను పనిచేసిన ఆసుపత్రి వద్ద స్మారక ద్వారం నిర్మించి 1927లో రాస్ సమక్షంలోనే ఆవిష్కరించారు. అణాల కొరకు దోమలచేత కుట్టించుకొన్న హుసేన్ ఖాన్, దోమలను పెంచిన మహమ్మద్ బక్స్, లార్వాలు తెచ్చిన పేరు తెలియని సహాయకులు కూడా ఈ ఆవిష్కరణలో భాగస్వాములే.